నా వంతు జపం

తాగి నా భార్యను కొట్టాను. ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ సిగ్గుతో నేను చర్చికి, ఆదివారం పూజకి వెళ్లడం మానేశాను.

నర్సీపట్నం బస్టాండులో ఒక ముసలావిడ నా వేలికున్న, సిలువా పది గుబ్బలూ ఉన్న జపమాల ఉంగరం చూసింది.

"మనోళ్లేనేటి బాబూ? నాకు ఆయాసం. మరియమ్మ జపం సగం నాను సెప్తాను, సగం నువ్వు సెప్పు."

"పెళ్లాన్ని కొట్టినోణ్ణమ్మా. నాకు నోరు రాదు."

"పాపాత్ములమని సెప్పుకునే సగమే కదేటి నీది!"

తన సగం చెప్పి ఆగింది. గొలుగొండ బస్సు వచ్చింది. తను ఎక్కాల్సిన బస్సే అయినా లేవలేదు. అది వెళ్లిపోయాక నా వంతు చెప్పాను. నాలో ఏమీ కదల్లేదు.

"ఇంకా తొమ్మిదున్నాయి," అంది.

ఆ తొమ్మిదీ చెప్పాను. భార్యను కొట్టానన్న మాట, ఆ ఆదివారం ఫాదర్‌గారి ముందు మోకరించి, రెండోసారి చెప్పాను.