పిట్‌లో నలభై నిమిషాలు

2023. సూరత్‌లోని ఒక కేబుల్ ఛానల్‌లో నేను ఆటల కార్యక్రమాల ప్రొడ్యూసర్‌ని. క్రికెట్, కబడ్డీ చూపించడం అలవాటైన మా ఛానల్ ఆ ఏడాది మొదటిసారి మోటార్‌సైకిళ్ల డ్రాగ్ రేస్‌ను లైవ్ ఇచ్చింది. డ్రాగ్ రేస్‌లో మలుపులుండవు. పావు మైలు తిన్నటి రోడ్డు, పక్కపక్కన రెండు బళ్లు. ముందు చేరినవాళ్లు తర్వాతి రౌండుకు, ఓడినవాళ్లు ఇంటికి. పది పన్నెండు సెకన్లలో అంతా అయిపోతుంది.

స్పాన్సర్‌కి ఆ సెకన్లే కావాలి. బండి మీద తన పేరు టీవీలో కనిపించాలి. మేమేమో పేరున్న జట్ల వెంటే కెమెరా తిప్పుతాం. పేరు లేని జట్టుని టీవీ చూపించదు, టీవీలో కనిపించని జట్టుకి స్పాన్సర్ దొరకడు. ఈ ముడి ఎక్కడ విప్పాలో నాకూ తెలియని రోజుల్లో సత్తయ్య, అతని కూతురు స్వప్న మా ఆఫీసు మెట్లెక్కారు.

సత్తయ్య జోల్వాలో మరమగ్గాల ఫిట్టర్. స్వప్న, సూరత్ పక్కనే ఉన్న సచిన్ అనే ఊళ్లో, ఒక బైక్ సర్వీస్ సెంటర్‌లో మెకానిక్. పాత బండి ఒకటి కొని, ఇద్దరూ కలిసి రేసు బండిగా మార్చుకున్నారు. నడిపేది స్వప్నే. నేనూ తెలుగుదాన్నేనని ఎవరో చెబితే వచ్చారు.

"అక్కా, జర మా బండిని గూడ చూపియ్యున్రి. ఉత్తగ అడుగుతలేను. బండి మంచిగ ఉరుకుతది" అంది స్వప్న.

"చూపిస్తే స్పాన్సర్ దొరుకుతాడనా?"

"దొరకకుంటే ఈ సీజన్ బంద్ వెట్టుడే మేడం. టైర్లు అరిగినయ్. సామాన్లన్ని పాతయే" అన్నాడు సత్తయ్య.

స్వప్న తండ్రి వైపు కోపంగా చూసింది. "బంద్ వెట్టం" అంది.

అమ్రోలిలో ఇంజన్ ఆయిల్ దుకాణం ఉన్న హస్ముఖ్‌భాయ్ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. మూడుసార్లు టీ ఇచ్చి పంపేశాడు. నాలుగోసారి, మేం కూర్చోకముందే నవ్వి, ఒప్పుకున్నాడు. ఈ ఒక్క పోటీకి బండిలో ఆయన ఆయిల్, బండి మీద ఆయన పేరు. టీవీలో పేరు బాగా కనిపిస్తే సీజనంతా ఖర్చు ఆయనదే. లేదంటే అంతటితో సరి. "మీ మాట మీద చేస్తున్నాను బెన్" అన్నాడు నాతో. బెన్ అంటే గుజరాతీలో అక్క.

పోటీ హజీరా వైపు ఒక కంపెనీ స్థలంలో, ఆదివారం పొద్దున. మొదటి రౌండు స్వప్న గెలిచింది. కానీ చివరి గజాల్లో ఇంజన్ మోత పెరుగుతుంటే బండి వేగం తగ్గడం కంట్రోల్ వ్యాన్‌లోంచే నాకు తెలిసింది. క్లచ్ జారుతోంది. అంటే ఇంజన్ బలం చక్రానికి అందడం లేదు. తర్వాతి రౌండుకి నలభై నిమిషాలే ఉన్నాయి.

ఆ నలభై నిమిషాలు మాకూ గండమే. ఏ నిమిషంలో ఏం చూపించాలో రాసుకునే పట్టికను రన్ ఆర్డర్ అంటాం. అందులో ఒక పెద్ద జట్టుతో ముఖాముఖి ఉంది. తీరా చూస్తే వాళ్లు తమ పిట్‌కి, అంటే బళ్లు బాగుచేసుకునే గుడారానికి, తెరలు దించేసి రామన్నారు. చూపించడానికి ఏమీ లేదు. కెమెరాని స్వప్న పిట్‌కి వెళ్లమన్నాను.

అక్కడ దాచడానికి తెరలే లేవు. ఆయిల్ కారిపోకుండా బండిని ఎడమవైపు పడుకోబెట్టి, తండ్రీకూతుళ్లు క్లచ్ మూత విప్పుతున్నారు. మూత ఊడగానే నల్లగా మాడిన ఆయిల్, దాని పక్కనే హస్ముఖ్‌భాయ్ దుకాణం పేరు టీవీ నిండా కనిపించాయి. నా ఫోన్ మోగింది.

"ఏం చూపిస్తున్నారు బెన్? నా ఆయిల్ వల్లే బండి చెడిందనుకోరా జనం? కెమెరా తీసేయండి!"

వెనక నుంచి మా బాస్ కూడా అదే మాట. తీసేస్తే ఆ జట్టు మళ్లీ తెర మీదికి రాదు. తీయకపోతే ఉన్న ఒక్క స్పాన్సర్ పోతాడు. "ఐదు నిమిషాలు ఆగండి" అని ఇద్దరికీ చెప్పాను. తప్పు ఆయిల్‌దేనా అని సూటిగా అడగమని పిట్‌లో ఉన్న మా రిపోర్టర్‌కి ఇయర్‌ఫోన్‌లో చెప్పాను. జవాబు ఏమొస్తుందో నాకు నిజంగా తెలియదు.

స్వప్న తలెత్తి, హిందీలో నెమ్మదిగా చెప్పింది. "ఆయిల్ తప్పేం లేదు. క్లచ్ స్ప్రింగులు పాతవి, పట్టు పోయింది. అందుకే ప్లేట్లు జారి మాడాయి. కొత్తవి కొనలేక మేమే అవి వేశాం. తప్పు మాది."

ఇంతలో సత్తయ్య తన పెట్టెలోంచి మగ్గాలకు వాడే వాషర్లు తీశాడు. స్ప్రింగు కింద వాషర్ పెడితే అది ఇంకా బిగుసుకుంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఎడమచేత్తో నొక్కే క్లచ్ లీవర్ కూడా రాయిలా బిగుస్తుంది.

"ఒక్కటి చాలు బిడ్డా. రెండేస్తే గుంజరాదు."

"రెండెయ్ బాపు. నేను గుంజుత."

రెండేసి వేశారు. ఇక మూడు నిమిషాలున్నాయనగా బండి గీత దగ్గరికొచ్చింది. కెమెరా ఒక్క క్షణం కూడా వాళ్లని వదల్లేదు.

రెండో రౌండులో స్వప్న ఓడిపోయింది, బండి పొడవంత తేడాతో. దిగాక ఎడమచేతి వేళ్లు కాసేపటిదాకా విప్పలేకపోయింది. "క్లచ్ జారలే అక్కా" అంది నాతో. కళ్లలో నీళ్లున్నాయి కానీ గొంతు గట్టిగానే ఉంది.

మర్నాడు హస్ముఖ్‌భాయ్ మా ఆఫీసుకొచ్చాడు. గొడవకి సిద్ధపడ్డాను. ఆయన కుర్చీలో కూలబడి, "పొద్దుట్నుంచి నా దుకాణం నిండా టీవీ చూసి వచ్చిన మగ్గాల ఫిట్టర్లే" అన్నాడు. "వాషర్లు పెట్టిన ఆయన ఎవరు, ఆ అమ్మాయి ఎవరు అని ఒకటే అడుగుతున్నారు. నా ఆయిల్ మంచిదని నేను చెబితే ఎవరూ వినేవారు కాదు. తప్పు మాది అని ఆ పిల్ల అన్నాక నమ్ముతున్నారు." సీజనంతటికీ ఒప్పందం ఆ రోజే రాసుకున్నాం. ముందుగా కొత్త స్ప్రింగులు తెప్పించమని ఆయనే అన్నాడు.

అప్పటినుంచి స్పాన్సర్ల దగ్గర గెలుపు మాట ఎత్తడం మానేశాను. గెలుపు ఎవరి చేతుల్లోనూ లేదు, పైగా అది పన్నెండు సెకన్లే. రెండు పరుగుల మధ్య జట్టు చేసే పని మాత్రం నలభై నిమిషాలు. బీద జట్టు అమ్ముకోగలిగింది అదే, అది నిజమైనదైతే. ఇప్పుడు ప్రతి పోటీలోనూ అలాంటి జట్ల పిట్‌ని రన్ ఆర్డర్‌లో ముందే రాసిపెడతాను. ఎవరైనా దాన్ని కొట్టేయమంటే, కారణం కాగితం మీద రాసి సంతకం పెట్టమంటాను. ఇంతవరకు ఎవరూ పెట్టలేదు.