కనిపెట్టమన్నారు

నాకు ఆరాలు ఎక్కువ. చిన్నప్పుడు నెల్లూరులో, మా వీధి చర్చిలో కానుకల సంచి నా ముందు నుంచి దాటిపోతే, అది చివరికి ఎక్కడ ఆగుతుందో చూద్దామని వెనక్కి తిరిగి కూర్చునేదాన్ని. మా అమ్మ తొడపాశం పెట్టేది. పెళ్లయి, ఇందుకూరుపేట దాటి సముద్రం వైపున్న ఈ ఊరికి వచ్చాక ఆ బాధ్యత మా అత్త తీసుకుంది. ఆవిడ తొడపాశం పెట్టదు గానీ, "నీకెందుకు మే అయ్యన్నీ?" అంటుంది. అనని రోజు లేదు.

మా చర్చిలో స్త్రీల కూడికకు టౌను నుంచి ఎవరు ప్రసంగించడానికి వచ్చినా తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. దేవుడు నిన్ను ఏ ఉద్దేశంతో పుట్టించాడు? అందరూ తల వంచి కళ్లు మూసుకుంటారు. నేనూ వంచుతాను గానీ, ఎవరికైనా జవాబు దొరికిందేమోనని ఒక కన్ను తెరిచి చూస్తాను. రొయ్యల గుంట దగ్గరుండే మొగుడికి క్యారియరు కట్టడం, జాకెట్లు కుట్టడం, పిల్లల్ని బడికి తరమడం. ఇందులో ఉద్దేశం ఎక్కడ దాక్కుందో నాకు నిజంగానే తెలియదు. పోయినేడు వచ్చిన ఆవిడను ఉండబట్టలేక అడిగేశాను. ఆవిడ చల్లగా నవ్వి, "కనిపెట్టమ్మా" అన్నారు.

మా క్రైస్తవుల మాటల్లో కనిపెట్టడమంటే దేవుడి కోసం ఓపికగా ఎదురుచూడటం. ఆవిడ చెప్పింది అదే. నేను మాత్రం బజారు తెలుగులో అర్థం చేసుకుని, సరే కనిపెడదాం, ఎక్కడ మొదలుపెట్టాలబ్బా అనుకుంటూ ఇంటికి వచ్చాను. పొరపాటు తెలిశాక చాలాసేపు నవ్వుకున్నాను. కానీ ఆ మాట బుర్రలో అలాగే ఉండిపోయింది.

మా ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తాం. అది దేవుడి పిడికెడు. శనివారం సాయంత్రం స్త్రీల సమాజం తరఫున ఒకరు గోనెసంచి పట్టుకుని క్రైస్తవుల ఇళ్లన్నీ తిరిగితే, ఎవరి డబ్బా వాళ్లు అందులో బోర్లిస్తారు. సంచి మూతి సగం ముడిచే పట్టుకోవాలి. లోపలికి తొంగి చూడకూడదు. ఎవరు ఏం వేశారో దేవుడికి తెలిస్తే చాలునంటారు. మొన్న వానాకాలంలో ఆ సంచి నా చేతికి వచ్చింది.

ఇదివరకు ఆ బియ్యం పాస్టరు గారింటికి పోయేవి. ఇప్పటి పాస్టరు గారు ఆదివారం టౌను నుంచి బండి మీద వచ్చి, ఆరాధన కాగానే వెళ్లిపోతారు. అందుకని బియ్యమంతా చర్చి వెనక గదిలో ఉండే అమ్మగారికి ఇస్తున్నాం. ఆవిడ వయసులో ఉన్నప్పుడు బైబిలు స్త్రీగా పని చేశారు. అంటే, చుట్టుపక్కల ఊళ్లకు నడిచి వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చెప్పడం, అక్షరాలు నేర్పడం, కాన్పుకు తోడుండటం. పెళ్లి చేసుకోలేదు. నా అన్నవాళ్లు లేరు. మా అత్తకు సంతకం నేర్పింది ఆవిడే.

అలాంటి మనిషి ఎండాకాలం నుంచి చిక్కిపోతూ వచ్చారు. చెంపలు లోపలికి పోయాయి, చర్చి గడప ఎక్కడానికి గోడ పట్టుకుంటున్నారు. టౌనులో డాక్టరుకు చూపిస్తే జబ్బేమీ లేదన్నాడు. కడుపుకు తిండి పోవాలి, ఇలాగే ఉంటే మంచం మీద నుంచి లేవరు అన్నాడు. ప్రతి కూడికలో ఆవిడ పేరెత్తి ఏడ్చి ప్రార్థన చేశాం. దేవుని వైపు కనిపెట్టుకుని ఉందామన్నారు పాస్టరు గారు.

నేను మాత్రం రెండో అర్థంలో కనిపెట్టడం మొదలుపెట్టాను. వారం వారం ఇన్ని బియ్యం పోతున్నాయి గదా, అమ్మగారు తినకపోతే ఎవరు తింటున్నారు?

జవాబు చర్చి వెనక తిరుగుతోంది. పక్కింటివాళ్ల కోళ్లు. ఊళ్లో ఏ కోళ్లూ అంత బలిసి లేవు. మధ్యాహ్నం పూట వెళ్లి చూస్తే అమ్మగారి గది గోడ కింద అన్నం మెతుకులు. వంగి రెండు తీసి వేళ్లతో నలిపాను. ఒకటి వెన్నలాగా నలిగింది, ఇంకోటి నలగలేదు.

ఆ శనివారం సంచిలోంచి ఒక గ్లాసు బియ్యం తీసి, బదులు మా బియ్యం పోసి, మా పొయ్యి మీద వండాను. మా అత్త చూసి గుండెలు బాదుకుంది.

"దేవుడి బియ్యం మన కుండలో ఏసినావా? ఇదేం పొయ్యేకాలం మే నీకు?"

"నువ్వు ఒక ముద్ద తిని చూడత్తా. తర్వాత తిట్టు."

తిట్టడానికైనా తినాలి గదా, తిన్నది. నమిలింది. నోట్లోంచి ఏదో తీసి కంచం అంచున పెట్టింది. సగం జావ, సగం పలుకు. మా అత్త పెళ్లయి వచ్చిన రోజుల్లో ఊరంతా ఒకే కాలవ కింద ఒకే వరి పండించేవాళ్లు. ఎన్ని ఇళ్ల బియ్యం కలిపినా ఒకేలా ఉడికేవి. ఇప్పుడు ఆ పొలాలన్నీ రొయ్యల గుంటలు. ఒకరింట్లో రేషను స్టోరు బియ్యం, ఒకరింట్లో సన్నబియ్యం, షుగరున్న వాళ్లింట్లో ఉప్పుడు బియ్యం, కొత్తవి, పాతవి. పిడికెడు మాత్రం అలాగే కలిసిపోతోంది.

మర్నాడు ఆరాధన అయ్యాక అమ్మగారి గదికి వెళ్లాను.

"వందనాలు అమ్మగారూ. అన్నం కోళ్లకేస్తుండారే?"

దొరికిపోయినట్టు చూశారు. "గంజి వంచుకోని తాగుతుండా తల్లీ. మెతుకు నమలాలంటే పళ్లు యాడుండాయి?"

"ఇంకాసేపు ఉడకనియ్యొచ్చు గదా."

"ఉడకనిస్తే సగం అడుగంటిపోద్ది, సగం అట్టనే ఉంటది. గ్యాసు బండ అయిపోతే మార్చేదానికి నాకు చేతనవుద్దా?"

"నాతో ఒక్క మాట చెప్పుంటే ఏ ఇంటి బియ్యం ఆ ఇంటివి విడిగా తెచ్చిచ్చేదాన్ని. వచ్చే శనివారం నుంచి అట్టనే చేస్తా."

అంత నీరసంలోనూ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "ఆ పని మాత్రం చెయ్యబాక మే. కలపమని చెప్పిందే నేను."

అప్పుడు చెప్పారు. మొదట్లో ఆడవాళ్లు బియ్యం చర్చికే తెచ్చి, ఆరాధన బల్ల ముందు చాప మీద ఎవరి కుప్ప వాళ్లు పోసేవాళ్లట. ఒక కూలి ఇంటి ఆడమనిషి కొంగులో నూకలు మూటగట్టుకుని వచ్చింది. చాప మీద తెల్లటి కుప్పలు చూసింది, తన కొంగు చూసుకుంది, పోయకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా కాలం చర్చికి రాలేదు. ఆవిణ్ని మళ్లీ తీసుకురావడానికి అమ్మగారు ఎన్నిసార్లు వాళ్ల గుడిసెకు నడిచారో. అప్పుడే చాప తీసేసి సంచి పెట్టారు.

"ఆమె కూతురు ఇప్పుడు మన చర్చిలోనే ఉండాది. విడదీస్తే ఎవురింట్లో ఏం బియ్యమో ఊరికంతా తెలిసిపోద్ది. ఆ బిడ్డ కూడా వాళ్లమ్మ మాదిరే వెనక్కి మళ్లుకుంటే? దేవుడు నన్ను ఈ ఊరికి పంపించింది ఎందుకనుకుంటుండావు? అట్టా ఎవురూ మళ్లుకోకుండా చూసేదానికే."

నాకు కోపం వచ్చింది. చెప్పలేనంత కోపం. ఆ ప్రశ్నకు జవాబు దొరికిన మనిషిని అన్నాళ్లకు కళ్లారా చూశాను, ఆ జవాబు ఆవిణ్ని ఆకలికి మాడ్చేస్తోంది. విడదీస్తే ఆవిడ ముట్టరు. కలిపితే తినలేరు. ఏం చేయాలో తోచక, బయటికొచ్చి కోళ్లను తరిమాను. వాటి తప్పేముంది పాపం.

ఇంటికొచ్చి మా అత్తకు అంతా చెప్పాను. ఆవిడ వింటూ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. కాసేపటికి చేట పక్కన పెట్టింది.

"మరకి తీసకపోయి రవ్వ ఆడిచ్చకరా. రవ్వయినాక స్టోరు బియ్యమేంది, సన్నబియ్యమేంది? అన్నీ ఒక్కమాదిరే ఉడుకుతాయి."

నాకెందుకు తట్టలేదో! అత్తను ముద్దు పెట్టుకోవాలనిపించింది గానీ మా ఇంట్లో అంత అలవాటు లేదు. అప్పటికప్పుడు, ఇంకా మా ఇంట్లోనే ఉన్న ఆ సంచి పిండిమరకు మోశాను. ముందు కారం ఆడించినట్టున్నారు, మర నుంచి ఘాటు వస్తోంది. మా ఇంటి బియ్యం రెండు దోసిళ్లు పోసి మర కడిగించి, అప్పుడు సంచిలోవి పోయించాను. పిడికెళ్లన్నీ ఒకే రవ్వగా డబ్బాలోకి వెచ్చగా దిగాయి.

సాయంత్రం మా అత్తే స్వయంగా సంగటి మాదిరిగా మెత్తగా వండి, మీద చేపల పులుసు వేసి, ముల్లు లేకుండా రెండు ముక్కలు చిదిమి పెట్టింది. ఇద్దరం కలిసి తీసుకుపోయాం. అమ్మగారు ముందు గిన్నెలోకి అనుమానంగా చూశారు.

"ఎవురింటియి?"

"అందరియ్యి అమ్మగారూ. మరలో ఆడిచ్చినాం. ఇంక దేవుడు గూడా విడదియ్యలేడు" అన్నాను.

మా అత్త నా వైపు గుడ్లురిమింది. అమ్మగారు నవ్వారు. చాలాసేపు ప్రార్థన చేసుకున్నారు. సంగటి చల్లారిపోతుందేమోనని నాకు ఒకటే ఆరాటం. తర్వాత ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుని, అది మింగేదాకా కళ్లు మూసుకునే ఉన్నారు. రెండోది. మూడోది. మా అత్త గోడ వైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

నేను ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి అమ్మగారు అడగడం చాలా విన్నాను. బాలింతకు పాతచీర ఉందా అని, జ్వరంగా ఉన్న బిడ్డకు పాలు ఉన్నాయా అని, ఏ ఇంటి గడపలోనైనా మొహమాటం లేకుండా అడిగేవారు. తన కోసం ఏదైనా అడగడం మాత్రం నేనే కాదు, మా అత్త కూడా ఎరగదు. ఆ సాయంత్రం కంచం వేళ్లతో శుభ్రంగా తుడిచి తిన్నాక, తల ఎత్తకుండానే దాన్ని నా వైపు కాస్త జరిపారు.

"ఇంకొంచెం ఉండాదా మే?"