నలభై నాలుగు, నాది

ఉదయం పది గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలకు నేను ఒక అడ్రసుకు పింగ్ పెట్టాను. ఆ అడ్రసులో ఏదైనా కంప్యూటరు ఉందా అని నెట్‌వర్కును అడగడం, అంతే. మా పనిలో రోజుకు వందసార్లు చేస్తాం. అడ్రసు ఖాళీ అయితే జవాబు రాదు.

దయ్యాల అనుభవాలు రాసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకనే. వాళ్ళ కథల్లో అమావాస్య ఉంటుంది, వాన ఉంటుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. చూసినవాడు ఒక్కడే ఉంటాడు, వాడికీ జ్వరం. అలాంటివి నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. నాకు జరిగింది ఏప్రిల్ ఎండలో, ట్యూబులైట్లన్నీ వెలుగుతున్న గదిలో, మరో ఇద్దరి ఎదుట.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీ అది. రైతులు మంచి ధర వచ్చేదాకా తమ టిక్కీలను, అంటే మిరపకాయల బస్తాలను, అక్కడ దాచుకుంటారు. చాంబర్ల చల్లదనాన్ని కనిపెట్టి ఉండే సర్వరు ఒకటుండేది. దాన్ని చూసుకునేది మా అక్క భర్త కోటేశ్వరరావు బావ. ఒకటి చాలదు, రెండు పెట్టించండని మూడేళ్ళు అడిగాడు. యజమాని చినవెంకయ్య గారు రెండో సర్వరు కొనలేదు గానీ సర్వరు గదిలో పాలరాతి పూజామందిరం కట్టించాడు.

నిరుడు మే నెలలో బావ గుండెపోటుతో పోయాడు. మూడు వారాల తర్వాత ఒక ఆదివారం సర్వరు ఆగింది. ఆయనే ఉంటే ఆదివారమైనా వెళ్ళి చూసేవాడు. సోమవారం తలుపు తీసేసరికి ఒక చాంబరు వేడెక్కి కాయ బూజు పట్టింది. పర్చూరు వైపు రైతు ఒకాయన టిక్కీ కోసి, నల్లబడ్డ కాయలు దోసిట్లోకి తీసి గేటు దగ్గర నిలబడ్డాడు. తిట్టలేదు. అలా చూపిస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాతే యజమానికి రెండు సర్వర్ల అవసరం అర్థమైంది. మంగళగిరిలో నేను పనిచేసే చిన్న కంపెనీకి ఆ పని వచ్చింది.

పని పెద్ద కష్టమేమీ కాదు. రెండు సర్వర్లకు కలిపి ఒక ఉమ్మడి అడ్రసు ఇవ్వాలి. కొట్లో ఇద్దరు గుమస్తాలు, ఒకే ఫోను ఉన్నట్టు. ఒకడు పడిపోతే రెండోవాడు ఫోను ఎత్తుతాడు, అవతలివాళ్ళకు తేడా తెలియదు. ఆ అడ్రసు మాత్రం ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. ఉంటే చాంబర్లు పంపే కబురు ఎవరికి చేరుతుందో చెప్పలేం. మళ్ళీ టిక్కీలు వేడెక్కుతాయి, మళ్ళీ ఎవరికీ తెలియదు.

చినవెంకయ్య గారు సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముహూర్తం పది యాభై రెండుకట. సర్వర్ల బీరువాకు అప్పటికే నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. లక్షల టిక్కీల మిరపకాయల మధ్య, దిష్టికి మళ్ళీ నాలుగు మిరపకాయలు.

“అడ్రసులో అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలయ్యా. మా లారీలన్నీ తొమ్మిదే.”

“కంప్యూటరుకి అదృష్టం పట్టదండి.”

“నీకు తెలీదులే. మీ బావా ఇట్టాగే అనేవాడు.” ఏమైందో చూశావుగా అన్నట్టు చెయ్యి తిప్పాడు.

బావ పుస్తకం తీశాను. ఏ అడ్రసు ఏ యంత్రానిదో, ఆ యంత్రానికి పుట్టుకతో వచ్చిన గుర్తింపు సంఖ్య ఏమిటో ఆయన పొడుగాటి పుస్తకంలో చేత్తో రాసేవాడు. యంత్రం పాడైతే ఎర్ర సిరాతో కొట్టేసేవాడు. ముందున్న అంకెలతో కలిపి తొమ్మిది రావాలంటే చివర పదిహేడు ఉండాలి, అది ప్రింటరుది. ఇరవై ఆరు గేటు కెమెరాది. ముప్ఫై ఐదు కాటా దగ్గరి కంప్యూటరుది. తర్వాతది నలభై నాలుగు. దాని ఎదురుగా “నాది” అని ఉంది. ఆయన ల్యాప్‌టాప్. కొట్టివేత లేదు. కొట్టేయాల్సిన మనిషే లేడు.

ఇంకొంచెం కిందికి చూసి ఉంటే యాభై మూడు ఖాళీగా కనిపించేది. చూడలేదు. పోయినవాడికి అడ్రసెందుకు అనుకున్నాను.

ఇచ్చే ముందు ఖాళీగా ఉందో లేదో చూడటం నాకు బావే నేర్పాడు. పింగ్ పెట్టాను. జవాబు వచ్చింది. సెకనుకొకటి చొప్పున వస్తూనే ఉంది.

ఎవరో తమ ఫోను నెట్‌వర్కుకు తగిలించి ఉంటారనుకున్నాను. జవాబిస్తున్న యంత్రం గుర్తింపు సంఖ్య తీసి పుస్తకంతో పోల్చాను. అంకెలూ అక్షరాలూ పన్నెండూ ఒకటే. కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టె, నెట్‌వర్కు స్విచ్‌లో చూస్తే ఆ జవాబు పద్నాలుగో రంధ్రం నుంచి వస్తోంది. అక్కడ పచ్చ లైటు మిణుకుమంటోంది. ఆ కేబుల్ వెంట నడిచాను. అది గ్రేడింగ్ గదిలో, ఇదివరకు బావ బల్ల ఉన్నచోట, గోడ సాకెట్‌లో ఆగింది. ఆ సాకెట్‌కు ఏ యంత్రమూ తగిలించి లేదు. దాని మీద మిరప దుమ్ము పొరగా పేరుకుని ఉంది, వేలు పెట్టిన గుర్తు కూడా లేదు.

తిరిగి వచ్చి పొన్నూరులో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. తెర మీద జవాబులు వస్తూనే ఉన్నాయి.

“అక్కా, బావ ల్యాప్‌టాప్ ఎక్కడుంది?”

“బీరువాలో, ఆయన పంచెల కింద. ఏరా?”

“ఒకసారి తీసి చూడక్కా.”

“బ్యాటరీ ఉబ్బిందని నువ్వేగదరా పీకి పారేశావు. దాంట్లో చూడ్డానికేముంది?”

బీరువా తలుపు చప్పుడు వినిపించింది. వెనకనుంచి చినవెంకయ్య గారు, “ఏమయ్యా, ముహూర్తం దాటిపోతే నీ బావ వచ్చి ఆపుతాడా?” అన్నాడు. సిద్ధాంతి నవ్వాడు.

“ఇదిగో, చేతిలోకి తీశాను,” అంది అక్క.

తెర మీద జవాబులు ఆగిపోయాయి. పది యాభై ఒకటి. పద్నాలుగో లైటు ఆరిపోయింది.

“ఏం చూడాలిరా?”

“ఏం లేదక్కా. లోపల పెట్టేయ్.”

“నీ గొంతు అట్టా లేదే. ఆయన గురించేనా?”

కాదన్నాను.

అడ్రసు ఇప్పుడు ఖాళీ. ముహూర్తానికి ఒక నిమిషం ఉంది. ఇవ్వలేదు. యాభై మూడు కూడా తొమ్మిదేనని చెప్పి, మధ్యాహ్నం ఇంకో ముహూర్తానికి అది ఇచ్చాను. నలభై నాలుగు మంచిది కాదని సిద్ధాంతికి ముందే అనిపించిందట. యజమాని ఆయన శాలువా సర్ది మరీ సంతోషించాడు.

తర్వాత ఆ స్విచ్ మార్చాను, కేబుల్ పరీక్షించాను. స్విచ్ జ్ఞాపకంలో పాత సంఖ్య మిగిలి ఉండవచ్చు. కానీ జ్ఞాపకం జవాబివ్వదు. జవాబివ్వాలంటే అవతల ఒక యంత్రం నడుస్తూ ఉండాలి. నేను దాచిన లాగ్, అంటే ఆ జవాబుల చిట్టా, చూసి మా ఆఫీసులో ఒకడు, “ఎవరో ఆ సంఖ్యను కాపీ కొట్టుంటారు,” అన్నాడు. ఎవరు, ఎందుకు అంటే, “ఎవరో,” అన్నాడు. సిద్ధాంతి మాట ఇంతకంటే నయం.

ఈ మే నెలలో ఒక సర్వరు నిజంగానే ఆగింది. రెండోది అందుకుంది. చాంబర్లు చల్లగానే ఉన్నాయి. ఆ సంగతి యజమానికి నేను చెప్పేదాకా తెలియదు. బావ కోరింది అదే.

సంవత్సరీకం రోజు అక్కకు అంతా చెప్పాను. ఏడవలేదు. “ఎంతసేపు పలికాడు?” అంది.

“పదమూడు నిమిషాలు.”

“ఫోన్లో కూడా నాతో అంతసేపు మాట్లాడేవాడు కాదురా.” “మళ్ళీ పిలిచావా?” అంది.

రోజూ పొద్దున్నే పిలుస్తున్నానని, మళ్ళీ పలకలేదని చెప్పాను.

“ఇక పిలవకు. పడుకోనీ.”

ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళ మీద చులకన పోలేదు, కానీ అలాంటివి రాసేవాళ్ళ వరసలో ఇప్పుడు నేనూ ఉన్నాను. పుస్తకంలో “నాది” అన్న మాట అలాగే ఉంది. నలభై నాలుగు ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు. నేను దానికి పింగ్ పెట్టడమూ లేదు.