అద్దం మేస్త్రి పెట్టిన గీతలు

మా వీధిలో కరెంటు గిటారు కొనబోయే ప్రతి పిల్లవాడూ ఒకసారి నా గుమ్మం ఎక్కుతాడు. నాకు గిటారు వాయించడం రాదు, వచ్చని ఎవరితోనూ చెప్పలేదు కూడా. అయినా వస్తారు. నా తమ్ముడు ఏళ్ల తరబడి గిటార్ల కార్ఖానాలో పని చేశాడు, అందుకని. వచ్చి అడిగేది ఒక్కటే. "బామ్మా, సంతకం గిటారు కొనొచ్చా?"

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పేరు మోసిన వాయిద్యగాడు ఒకడుంటాడు. అతని గిటారు ఎలా ఉంటుందో అచ్చం అలాంటివే కార్ఖానాలో వరసపెట్టి చేసి, తల దగ్గర అతని సంతకం అచ్చు వేసి అమ్ముతారు. మామూలు గిటారు కంటే ధర ఎన్నో రెట్లు. సంతకంతో ఊరుకోరు. అతని గిటారుకి ఎక్కడ గీత పడిందో, ఎక్కడ రంగు పెచ్చు ఊడిందో, అవన్నీ ఉన్నవున్నట్టు దించుతారు. కొత్త వస్తువుని పాతదాన్ని చేసి, పాత చేసినందుకు ఎక్కువ పుచ్చుకుంటారన్నమాట. ముడతలకి అంత గిరాకీ ఉంటే నా మొహానికి ఎంతిస్తారో కనుక్కోండిరా అన్నాను ఒకసారి. పిల్లలు నవ్వి వెళ్లిపోయారు. నవ్వించి పంపడం తేలిక. నిజం చెప్పాలంటే కూర్చోబెట్టాలి.

మా అమ్మ పోయేనాటికి తమ్ముడు ఇంకా నా చంక దిగలేదు. వాడికి అక్కనీ నేనే, అమ్మనీ నేనే, తిట్టే నోరూ నాదే. మీసం మొలవకముందే బీరువాలకు రంగులేసే ఆయన దగ్గర చేరాడు. అక్కణ్నుంచి గిటార్ల కార్ఖానాకి వెళ్లాడు. చెక్కని గరుకు కాగితంతో రుద్దడం, సందుల్లో లప్పం పూడ్చడం, రంగు కొట్టడం, మళ్లీ రుద్దడం, మళ్లీ కొట్టడం, ఇదే వాడి పని. వాడి చేతి కింద నుంచి వచ్చిన గిటారులో చూసుకుని కార్ఖానాలో మగవాళ్లు తల దువ్వుకునేవారు. అందుకే వాడికి అద్దం మేస్త్రి అని పేరు పడింది. పెట్టినవాళ్లు వెక్కిరింతకే పెట్టారు కానీ వాడు దాన్ని మెడలో హారంలా వేసుకు తిరిగాడు.

దెబ్బ తిన్నదాన్ని చూస్తే వాడి చెయ్యి ఊరుకోదు. మా ఇంటికి అన్నానికి వస్తే కూర ఎలా ఉందో చెప్పడు, తలుపుకి పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి గోకుతూ కూర్చుంటాడు. మరుసటి వారం జేబులో లప్పం వేసుకుని వస్తాడు. నా ఇంట్లో కిటికీలన్నీ అలా బాగుపడ్డవే. ఆ గుణమే వాడి కొంప ముంచింది.

ఒకసారి కార్ఖానా ఓనరు ఏదో పని మీద పొరుగూరు వెళ్లాడు. ఆయన లేనప్పుడు పెట్టెలో ఒక గిటారు వచ్చింది. బాగు చెయ్యడానికి కూడా అక్కడికి గిటార్లు వస్తూ ఉంటాయి. మావాడు పెట్టె తెరిచి చూశాడు. ఎవరి కర్మోగానీ, చెయ్యి ఆనే చోట రంగు పోయి చెక్క బయటపడింది. వెనక వైపు నడుం పట్టీ బిళ్ల గీరుకుని ఒళ్లంతా గీతలు. తల దగ్గర సిగరెట్టు కాలిన మచ్చ. కింది మూల పెచ్చు ఊడిపోయింది. పాపం ఎవడో ఇంత అధ్వానంగా వాయించుకుంటున్నాడే అనుకున్నాడు. ఇంటికి కూడా సరిగ్గా వెళ్లకుండా కూర్చుని, ప్రతి గీతా పూడ్చి, ప్రతి మచ్చా చెరిపి, దాన్ని పెళ్లికూతురిని చేశాడు.

ఓనరు తిరిగొచ్చి చూసి అక్కడే స్టూలు మీద కూలబడ్డాడట.

"ఏం చేశావు దీన్ని?"

"బాగు చేశానండీ."

అది ఆ పేరు మోసిన ఆయన గిటారు. సంతకం గిటార్లు చెయ్యడానికి నమూనాగా పంపాడు. ఆ దెబ్బల కోసమే పంపాడు. ఆ సంగతి మావాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా వెళ్లినవాడిది తప్పా, చెప్పకుండా చేసినవాడిది తప్పా అంటే నేను ఒక తీర్పు చెప్పగలను కానీ, జీతమిచ్చేవాడి ముందు అలాంటి తీర్పులు నిలవవు.

ఫొటోలు లేవా అని మీరడుగుతారు. ఉన్నాయి, కచేరీలో దూరం నుంచి తీసినవి. వాటిలో ఆయన జుట్టు కనిపిస్తుంది, గిటారు కనిపించదు. ఓనరు కేకలేస్తాడనుకుంటే వెయ్యలేదు. నెమ్మదిగా అన్నాడట, "పూడ్చింది నువ్వే కదా. ఎక్కడెక్కడ పూడ్చావో నీ వేలికి తెలుసు. మళ్లీ తవ్వు."

తవ్వాడు. తలుపు మూసుకుని, తాళంచెవుల గుత్తితో, గరుకు కాగితంతో, కాల్చిన ఊచతో, తను పూడ్చినవన్నీ జ్ఞాపకం మీద తవ్వాడు. చెయ్యి వణికిపోయింది. కింది మూల పెచ్చు బొటనవేలంత పక్కకి పోయింది. అది వాడికి తెలుసు. ఇంకోసారి పూడ్చి ఇంకోసారి తవ్వే ధైర్యం లేక అలాగే వదిలేశాడు.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు. విన్నాక నాకు నవ్వాగలేదు. పాడు చెయ్యడానికి కూడా జీతమిస్తున్నారట్రా, నీ జాతకం బాగుంది అన్నాను. వాడు నవ్వలేదు.

"నున్నగా ఉన్నదాన్ని గీరుతుంటే పసిపిల్లని గిల్లినట్టుందక్కా," అన్నాడు.

తర్వాత ఆ పేరున్నాయన స్వయంగా వచ్చాడు. గిటారు తీసి ఒళ్లో పెట్టుకుని, నా పాతదే, నా తల్లే అని ముద్దు పెట్టుకున్నాడట. కింది మూల పెచ్చు మీద వేలు పెట్టి చుట్టూ ఉన్నవాళ్లకి కథ చెప్పాడు. మొదటి కచేరీ రోజు మెట్ల మీద జారిపడిందట, ఆ దెబ్బే ఇదట, ఆ మూల తడిమితే ఇప్పటికీ ఆ మెట్లు గుర్తొస్తాయట. మావాడు గోడకి ఆనుకుని విన్నాడు.

ఈ సంగతి పొక్కితే కార్ఖానా మూత పడుతుంది, అందరి పొయ్యిలూ ఆరిపోతాయి అని ఓనరు మావాడి చేత వాడి పసికూతురి తల మీద ఒట్టు వేయించుకున్నాడు. మావాడు వచ్చి నా చేత తన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు. కానీ ఇచ్చిన మాట దగ్గర నాది వేరే నోరు.

గుట్టు తెలిసినవాడు వాడొక్కడే కాబట్టి, ఆ రోజు నుంచి సంతకం గిటార్లకు దెబ్బలు పెట్టే పని వాడికే పడింది. రంగు గదిలో వాడి చోటుకి వేరేవాడు వచ్చాడు. వీణ్ని వెనక కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు. ఎవడో వేసిన కొత్త రంగుని వీడు రోజంతా గీరి దుమ్ము చేసేవాడు. ఆ దుమ్ము గుండెల్లోకి పోయేది. కొన్నాళ్లకు అందరూ గీతల మేస్త్రి అనడం మొదలుపెట్టారు. పాత పేరు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పని మానేశారు. జీతం పెరిగింది, మాట తగ్గింది. మా ఇంటికొచ్చినా తలుపుల వంక చూడడం మానేశాడు. నా వంటింటి కిటికీకి పెచ్చు ఊడి అలాగే ఉండిపోయింది. నేను వాడి కళ్లెదుటే దాని పక్కన నిలబడేదాన్ని. అయినా చూసేవాడు కాదు.

వాడి పెళ్లాం పిల్లని కని ఎన్నాళ్లో బతకలేదు. నా మేనకోడలు సగం వాడింట్లో, సగం నా ఇంట్లో పెరిగింది. పిల్లకి చెయ్యి తిరిగింది గిటారు మీద. కార్ఖానాలో పనికిరాదని పక్కన పడేసిన గిటారు చెక్క ఒకటి అడిగి తెచ్చుకుని, సెలవు రోజుల్లో కూర్చుని వాడు దానికి నల్లరంగు వేసి, తీగలు బిగించి ఇచ్చాడు. పనిలో ఉన్నన్నాళ్లూ మళ్లీ వాడు రంగు పట్టింది ఆ ఒక్కసారే. ఆ నలుపులో చూస్తే మన కళ్ల కింద చారలు కూడా లెక్కకి వస్తాయి. పిల్ల దాని మీదే నేర్చుకుంది, దానితోనే హోటళ్లలో సాయంత్రాలు వాయించి సంపాదించడం మొదలుపెట్టింది.

అప్పుడు పుట్టింది దానికి సంతకం గిటారు మీద మోజు. వాళ్ల బృందంలో అందరూ దాని గురించే చెప్పుకుంటారట. అది వచ్చి తండ్రిని అడిగినప్పుడు నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను.

"ఆ నల్లదానికేం తక్కువైంది తల్లీ?" అన్నాడు వాడు.

"దానికి ఏ కథా లేదు నాన్నా. అద్దంలా ఉంటుంది, అంతే."

నా చేతిలో చాట ఆగిపోయింది. వాడు నా వంక చూశాడు. నేను తల దించుకుని, లేని రాళ్లు ఏరాను.

పిల్ల చెప్పుకుపోయింది. ఆ గిటారు మీద ఒక్కో గీతకి ఒక్కో కచేరీ ఉంటుందట. చెయ్యి ఆనే చోట రంగు పోయిందంటే అక్కడ ఒక మనిషి బతుకంతా రాసుకుందట. కింది మూల దెబ్బ మీద వేలు పెడితే ఒళ్లు పులకరిస్తుందట. తండ్రి వింటున్నాడు. నువ్వు చేసేది ఆ నకళ్లే కదా, నీకు తెలియదా అని అది అడిగితే, తెలుసమ్మా, ఆయనవి ఎలా ఉన్నాయో అలాగే దించుతాం అన్నాడు. వద్దని చెప్పడానికి వాడి దగ్గర నిజం తప్ప ఇంకో కారణం లేదు. నిజం ఒట్టు కింద ఉంది.

పిల్ల నల్లదాన్ని దుకాణంలో బదులుకిచ్చి, తన సంపాదన కలిపి సంతకం గిటారు తెచ్చుకుంది. మోత బాగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆ పేరున్నాయనవి గుమ్మడికాయలంత చేతులు. ఆయన చేతికి తగ్గట్టు మెడ లావుగా ఉంటుంది. మా పిల్ల బొటనవేలు వారం తిరక్కుండా వాచింది. గుడ్డ చుట్టుకుని వాయించేది. ఒకడి చెప్పులో ఇంకొకడు కాలు పెట్టి కుంటుతూ, చెప్పు గొప్పదని మురిసిపోయినట్టు ఉందే అన్నాను. అలవాటవుతుందిలే అత్తా అంది.

మా తమ్ముడికి ఆయాసం ముదిరి పని మాన్పించారు. మంచం మీద కూర్చుంటే ఎదురుగా గోడకి ఆ గిటారు. పడుకుంటే అదే, లేస్తే అదే. ఒక మధ్యాహ్నం నేను వాడికి జావ పట్టుకెళ్లాను. పిల్ల మందులకి వెళ్లింది. గుమ్మంలోనే రంగు వాసన కొట్టింది. వాడు నేల మీద చతికిలబడి, గిటారు ఒళ్లో పెట్టుకుని, కింది మూల మీద నెమ్మదిగా ఊదుతున్నాడు. ఊపిరి లేనివాడు ఎక్కణ్నుంచి తెచ్చి ఊదాడో. పెచ్చు లేదు. పూడిపోయింది. మిగతా ఒళ్లంతా అవే గీతలు, అవే మచ్చలు. ఆ ఒక్క మూల మాత్రం తళతళలాడుతోంది.

"చూడక్కా, నా మొహం కనిపిస్తోంది," అన్నాడు.

వంగి చూశాను. కనిపించింది, గోరంత.

"ఆ మొహాన్ని పిల్లకేం చూపిస్తావురా," అన్నాను. నా నోరు అలాంటిది.

పిల్ల వచ్చింది. చూసింది. కేకలు వెయ్యలేదు, అదే వేసి ఉంటే నయం. మందుల సంచి మెల్లగా కింద పెట్టింది.

"ఎందుకు చేశావు నాన్నా?"

"బాగు చేశానమ్మా."

"అది ఆయన దెబ్బ. నీది కాదు."

వాడు నా వంక చూశాడు, చెప్పొద్దన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తాడు. ఆ చేతికి ఇంకా లప్పం అంటుకుని ఉంది. నా నాలుక చివరికంటా వచ్చిన మాటని మింగేశాను. వాడు బతికుండగా వాడి మాట వాడిది.

ఆ గిటారు ఇక దెబ్బల కోసం కొనేవాళ్లకి పనికిరాదని దుకాణంవాడు పెదవి విరిచి, ఇవ్వడానికి చేతులు రాక ఇచ్చినదేదో ఇచ్చి పుచ్చుకున్నాడు. పిల్ల తన చేతికి సరిపోయే మామూలుది తెచ్చుకుంది. బొటనవేలి వాపు తగ్గింది. తండ్రితో మాట్లాడేది, మందు వేసుకున్నావా, అన్నం పెట్టమంటావా అని. అంతకు మించి మాట లేదు. వాడు కూడా అడగలేదు. ఎండలు ముదరకముందే పోయాడు. కార్ఖానా అంతకు ముందే మూతపడింది. ఓనరు కొడుకులు అమ్ముకున్నారు. కాపాడాల్సిన పొయ్యి ఒక్కటీ మిగల్లేదు, ఒట్టు మాత్రం చివరిదాకా మిగిలింది.

పోయాక, వాడి మంచం కింద సామాన్లు తీస్తూ పిల్ల ఎండిపోయిన లప్పం డబ్బా బయట పారెయ్యబోయింది. ఉంచు అన్నాను. ఎందుకంది. అప్పుడు చెప్పాను, పెట్టె వచ్చిన రోజు నుంచి.

వింటూ వింటూ అది గోడ మీద ఖాళీ మేకు వంక చూసింది.

"అన్నీ నాన్నవేనా అత్తా?"

"అన్నీ. ఆ మూలది మరీనూ. ఆయన గిటారుకి మొదట పడిన దెబ్బ కూడా ఆ చోట కాదు. వణికి పెట్టిన దెబ్బ. పోయేముందు అదొక్కటే వెనక్కి తీసుకున్నాడు."

డబ్బా చేత్తో పట్టుకునే అది దుకాణానికి పరిగెత్తింది. ఆ మూల పూడ్చిన గిటారు అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో దుకాణంవాడికి గుర్తు లేదట. నల్లది అడిగితే అది ఎప్పుడో పోయిందన్నాడు. తండ్రి చేతి పని అంటూ పిల్లకి మిగిలింది మా ఇంటి కిటికీలే. వచ్చినప్పుడల్లా వాటి మీద అరచెయ్యి ఆనించి నిలబడుతుంది. ఏ కచేరీకి వెళ్లినా పాట వినదట, ఎదుటివాళ్ల గిటారు కింది మూల చూస్తుందట.

కాబట్టి, నన్ను అడిగే పిల్లలందరికీ ఇదే మాట. మెడ మీ చేతిలో ఇమిడితే కొనుక్కోండి. మోత నచ్చితే కొనుక్కోండి. సంతకం కోసం, దెబ్బల కోసం మాత్రం కొనకండి. సంతకం అచ్చుది, దెబ్బలు మావాడివి.

పాత సామాన్ల దుకాణంలో ఎక్కడైనా అలాంటిది కనిపిస్తే ఒక్కసారి తిప్పి కింది మూల చూడండి. పెచ్చు ఊడి ఉంటే అక్కడే పెట్టెయ్యండి. ఒళ్లంతా గీతలుండి ఆ మూల ఒక్కటే నున్నగా, మీ మొహం కనిపించేట్టు ఉంటే మాత్రం బేరమాడకండి. చెడిన సరుకని దుకాణంవాడే తగ్గించి చెబుతాడు. తీసుకుని మా గుమ్మానికి రండి. కొన్నదానికి రెట్టింపు ఇవ్వడానికి ఇక్కడొక పిల్ల ఉంది.