బీరప్ప చేతి మొదటి గడ్డం

ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల గొర్రెల బొచ్చు కత్తిరించడంలో బీరప్పను మించినవాడు లేడు, కనీసం బీరప్ప చెప్పుకునే దాన్ని బట్టి. గొర్రెను మోకాళ్ల మధ్య నొక్కిపట్టి, బొచ్చు మీద ఉఫ్ అని ఊది, అది ఎటు వాలిందో చూశాకే కత్తెర ఎత్తేవాడు. నిరుటి నుంచి చెయ్యి వణుకుతోంది. మందలవాళ్లు పిలవడం మానేశారు. ఇక మిగిలింది మనవడు శ్రవణ్ మూతి ఒక్కటే. వాడి మొదటి గడ్డం తానే గీస్తానని ఇంటింటికీ చాటి, రేజరు కొనడానికి వాణ్ని దుకాణానికి లాక్కుపోయాడు. అక్కడ అందరి ముందూ వాడి దవడ పైకెత్తి, నూనూగు మీసం మీద ఉఫ్ అని ఊదాడు.

“తాతా, ఇజ్జత్ తీస్తున్నవ్!”

“నీకేం తెల్వదు, కదలకు.”

దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పావని ఐదు బ్లేడ్ల రేజరు చూపించింది.

“ఈని మూతి మీద అన్ని ఎంట్రుకలు లేవు గద బిడ్డా!”

మడత కత్తి కనబడగానే మాత్రం ఆయన కళ్లు మెరిశాయి. చేతిలోకి తీసుకుంటే అది గజగజలాడింది. మెల్లగా కింద పెట్టేసి, “జర తెగకుండ ఉండేది ఇయ్యి. పిలగాని చర్మం మెత్తగుంది,” అన్నాడు. బ్లేడు ముందు రబ్బరు అంచున్న రేజరు ఇచ్చింది పావని.

ఇంటి అరుగు మీద నురగ పూసి, మనవణ్ని మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. రేజరు చెంప దాకా వచ్చి, వణుకుతూ ఆగిపోయింది. శ్రవణ్ తాత మణికట్టు పట్టుకుని, “మ్మే” అన్నాడు.

“గొర్రె కదలొద్దురా,” అంటూ పకపకా నవ్వాడు బీరప్ప. ఇద్దరి చేతులూ కలిసి, వెంట్రుక వాలిన వైపే దిగాయి.