జెయింట్ వీల్ కింద చేతులూపిన మా సత్తెక్క

నిన్న పొద్దున ఏడింటికి సత్తెక్క కొడుకు రాజు ఫోన్ చేశాడు. ఆ టైమ్‌లో ఎప్పుడూ చేయడు.

"చిన్నమ్మా, అమ్మ లేదు" అన్నాడు.

ఏ అమ్మ అని అడిగాను. అంత షాక్.

మొన్న ఆదివారమే మాట్లాడింది. నేను ఇంకా టీలో చక్కెర మానలేదని పది నిమిషాలు తిట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి, గొంతు అట్లాగే ఉంది. ఆ మనిషి ఇక లేదంటే ఎట్లా నమ్మేది?

నేను ఇక్కడ పెద్దగా రాయను. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఏమనుకోకండి.

సత్తెక్క నా సొంత అక్క కాదు. ఉప్పుగూడలో మా పక్క పోర్షన్. సర్కారు ఆఫీసులో అటెండర్‌గా చేసేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను బయటివాళ్ళతో నోరు విప్పేదాన్ని కాదు. బస్సులో కండక్టర్ అడిగినా అక్క వెనక దాక్కునేదాన్ని. నా మాటలన్నీ ఆమే మాట్లాడేది.

1980కి కాస్త ముందు అనుకుంటా. మా బిడ్డ శోభకు ఐదేళ్ళు. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కాలని పట్టుపట్టింది. బడిలో పక్కన కూర్చునే పిల్ల ఎక్కి వచ్చిందట. అన్నం దగ్గర అదే మాట, పడుకునేటప్పుడు అదే మాట.

ఆయనకు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. ఆయన లేకుండా నేను నయాపూల్ దాటి ఎరుగను.

అప్పుడు అక్క అన్నది: "ఆడోళ్ల దినం పోదాం. ఆ రోజు మొగోళ్లను రానియ్యరు. ఇంక నీ సిగ్గుకు అక్కడ ఏం పని చెల్లె?"

మా అత్తమ్మను కూడా అదే మాటతో ఒప్పించింది.

ఇక అక్క ప్లానింగ్ చూడాలి.

పోయేటప్పుడు పిల్లకు హుషారుంటుంది కాబట్టి బస్సులో నయాపూల్ దాకా పోయి, అక్కడి నుంచి నడక. అలిసిపోతుంది కాబట్టి వచ్చేటప్పుడు ఇంటి దాకా బస్సు. మిర్చి బజ్జీల వాసన తగలకముందే, గేట్ బయటే ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి తినేయాలి. లోపలికి పోయాక బొమ్మల దుకాణాల వైపు తిరగకుండా నేరుగా జెయింట్ వీల్ దగ్గరికి. ఒకసారి బొమ్మలు చూసిందంటే పిల్లను కదిలించలేమట.

ముగ్గురికీ వీల్ టికెట్లు, బస్సు ఛార్జీలు, మా ఇద్దరికీ గేట్ టికెట్లు. అంతకు మించి మా దగ్గర లేదు. శోభకు గేట్ టికెట్ పడకుండా చూడాలి.

గేట్ దగ్గర ఒక కట్టె ఉండేది. దానికంటే పొట్టిగా ఉన్న పిల్లలకు టికెట్ లేదు. శోభ నాలుగు వేళ్ళు ఎక్కువ.

అక్క మా వాకిట్లో కట్టె నిలబెట్టి వారం రోజులు నేర్పింది. ఖాకీ బట్టలాయన కనబడగానే లంగా లోపల మోకాళ్ళు వంచాలి. మొహం మాత్రం మామూలుగా ఉంచాలి. శోభ ఎంత బాగా నేర్చుకుందంటే, పోస్ట్‌మాన్ వచ్చినా వంచేది.

గేట్ దగ్గర అంతా సాఫీగా అయిపోయింది.

జెయింట్ వీల్ దగ్గర కూడా ఖాకీ బట్టల్లో ఇంకొకాయన ఉన్నాడు. అక్కడా ఒక కట్టె ఉంది. కాకపోతే అక్కడ దానికంటే ఎత్తున్న పిల్లలనే ఎక్కిస్తారు. ఆ సంగతి మాకు తెలియదు.

శోభ ఆయన్ను చూసింది. మోకాళ్ళు వంచింది.

చిన్నపిల్ల, కుదరదని హిందీలో చెప్పి ఆయన వెనకవాళ్ళను పిలిచాడు. సీదాగా నిలబడమని శోభ చెవిలో చెప్పాను. అది సరిగ్గా వంగలేదేమో అనుకుని, ఇంకా వంచింది. కళ్ళలో నీళ్ళు.

అక్క వైపు చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. భుజాలు అదురుతున్నాయి. మాట రావడం లేదు.

వెనకవాళ్ళు మమ్మల్ని తోసుకుని ముందుకు పోతున్నారు. ఇంకొక్క నిమిషమైతే మేము లైన్ బయటే.

"భాయ్, మా బిడ్డ పొట్టిది కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మోకాళ్లు వంచింది. మేమే నేర్పినం."

"ఎందుకు నేర్పిన్రు?" ఆయనకు తెలుగు వచ్చని అప్పుడు తెలిసింది.

"గేట్ కాడ టికెట్ ఎగ్గొట్టనీకి."

లైన్‌లో ఉన్న ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఆయన నవ్వు ఆపుకుని, గేట్ టికెట్ తెస్తేనే పిల్లను ఎక్కిస్తానన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుని, తన వీల్ టికెట్ కోసం ఉంచుకున్న పైసలు నా చేతిలో పెట్టింది. "నువ్వు పో. పిల్లను పట్టుకొని నేను లైన్ల నిలబడ్త. నాకు ఆ చక్రం చూస్తెనే కండ్లు తిరుగుతున్నయ్."

అంత జనంలో ఒక్కదాన్నే గేట్ దాకా పోయాను. ముగ్గురిని దారి అడిగాను. టికెట్ తెచ్చాను. సిగ్గుపడడానికి టైమ్ ఎక్కడిది, లైన్ పోతుందన్న ఫికర్ తప్ప.

ఈసారి శోభ నిటారుగా నిలబడింది. ఆయన చేయి పట్టి ఎక్కించాడు.

పైనుంచి ఊరంతా కనబడిందని శోభ ఇప్పటికీ చెబుతుంది. నాకు అక్క ఒక్కతే కనబడింది. మా సంచి చంకన పెట్టుకుని, మా తొట్టి కిందికి వచ్చిన ప్రతిసారీ రెండు చేతులూ ఊపుతోంది.

మరుసటేడు నేనే ముందు నడిచాను. శోభకు కూడా గేట్ టికెట్ తీసుకున్నాను. అక్క వద్దంటున్నా లాక్కుపోయి వీల్ ఎక్కించాను.

ఆమెకు కళ్ళు తిరగలేదు. దిగగానే ఇంకోసారి ఎక్కుదామా అని అడిగింది.

నిన్న అక్క దగ్గర కూర్చున్నప్పుడు శోభ ఇదంతా అందరికీ చెప్పింది. ఏడుస్తున్న ఇల్లు కాసేపు నవ్వింది. రాజు అయితే నవ్వుతూ నవ్వుతూ మళ్ళీ ఏడ్చాడు.

సత్తెక్కా, మా అందరి కోసం చాలా నిలబడ్డావు. ఇక హాయిగా కూర్చో.

నీ ప్రాణం ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నీ చెల్లె పద్మ