మొక్కు లేని కొండ

రెంటచింతల చర్చి వెనక, విదేశం నుంచి వచ్చిన స్వాములవారి గదిలో ఒక పటం ఉండేది. తెల్లటి కొండ, దాని మీద మంచు తప్ప మరేమీ లేదు. మంచు ఎరగని మా ఊరివాళ్లు ఆ పటం ముందు కూడా సిలువ గుర్తు వేసుకునేవారు. స్వాములవారు నవ్వి ఊరుకునేవారు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నేను మిషన్ బడిలో కొత్తగా పంతులమ్మనయ్యాను. మా నాయనమ్మ స్వాములవారికి వంట చేసేది. ఆయన దేశం నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. దిగులు పుట్టినప్పుడల్లా మాకు ఆ కొండ సంగతి చెప్పేవారు. ఊళ్లకు ఎంతో దూరంగా, ఒంటరిగా ఉంటుందట. దాన్ని ఎక్కడానికే ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారట, కొందరు తిరిగి రారట. వయసులో ఉండగా ఆయనా ఎక్కారు. శిఖరం కళ్లముందు కనబడుతుండగా మంచు తుఫాను వచ్చి దిగిపోవలసి వచ్చింది.

"పైన ఏ పునీతుడి గుడి ఉంది సాములోరూ?" అని నాయనమ్మ అడిగింది.

"ఏ గుడీ లేదమ్మా."

"మరి ఏం మొక్కుకొని ఎక్కారు?"

"మొక్కేమీ లేదు."

నాయనమ్మ నమ్మలేదు. మా పల్నాట్లో మొక్కు లేకుండా కొండెక్కేవి మేకలే. "చెప్పుకోలేని మొక్కేదో ఉందే. సగంలో దిగొచ్చారు, పాపం" అని ఇంటికొచ్చి నాతో అంది. నాకు నవ్వొచ్చింది. ఆమెది ఉడుంపట్టు, అనుకుంటే వదలదు.

ఆ వేసవిలో స్వాములవారికి చలిజ్వరం పట్టుకుంది. యుద్ధం పుణ్యమా అని క్వినైన్ దొరకలేదు. ఒళ్లు తెలియని జ్వరంలో ఆ కొండ పేరే కలవరించేవారు. మనిషి దక్కరేమోనని నాకు చాలా భయం వేసింది. నాయనమ్మ మాత్రం జబ్బేమిటో తెలిసిపోయినట్టు లేచింది.

"తీరని మొక్కు పీక్కుతింటంది. ఆయన బదులు నేనెక్కుతా. ఆ కొండ అందకపోతే మన గుట్టే ఎక్కుతా."

రోగి మొక్కు ఇంటివాళ్లు తీర్చడం మా వైపు మామూలే. ఆయనకు ఇక్కడ ఇంటివాళ్లెవరున్నారు, అన్నం పెట్టే ఈమె తప్ప?

మండే ఎండలో, చెప్పుల్లేకుండా, కొంగున కొవ్వొత్తి కట్టుకుని ఊరవతల రాళ్లగుట్టకు బయలుదేరింది. "మతి పోయిందా నీకు?" అని తిడుతూనే వెనకాల నేనూ ఎక్కాను. పైన గాలికి కొవ్వొత్తి నిలవలేదు. దాన్ని పక్కన పెట్టేసి, రాతి మీద కూర్చుని, ఊరికే చూస్తూ ఉండిపోయింది. చర్చి, చేలు, దూరంగా నల్లమల. దిగుదామంటే లేవదు.

"ఉండవే, తొందరేంది!"

మెల్లగా జ్వరం దిగింది. ఎందుకు దిగిందో నేను చెప్పలేను. బొబ్బలెక్కిన కాళ్లతో గంజి తెచ్చిన నాయనమ్మను చూసి, సంగతి విని, స్వాములవారు లేచి కూర్చున్నారు.

"పైన ఏముందమ్మా?"

"ఏం లేదు సాములోరూ. చానా గాలి. దిగబుద్ధి కాలేదు."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. "ఇన్నేళ్లుగా మీకు చెప్పలేకపోయింది అదే" అన్నారు.

"మరి మొక్కు తీరినట్టేగా?"

"తీరిందమ్మా."